బైండరు పూచీ

ఏ పుస్తకాన్ని జనం ఎంతవరకు చదివారో బైండరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంచులే చెబుతాయి. బొటనవేలి మురికి నల్లగా పేరుకున్న చోట జనం ఆగారన్నమాట. తెల్లగా ఉన్న చోటికి ఎవడూ పోలేదన్నమాట. బడి లెక్కల పుస్తకాలు మొదటి ముప్పై పేజీల దాకా బొగ్గులా ఉండి, ఆ తర్వాత కడిగిన ముత్యంలా మెరుస్తాయి. ఇంత చిన్న సంగతి పంతుళ్లకెందుకు తెలియదో అతనికి అర్థం కాదు. అతను చదివింది ఐదో తరగతే మరి.

శనివారం పొద్దున కోర్టు గుమాస్తా చంకలో పెట్టుకొచ్చి బల్ల మీద పడేసింది శిక్షల పుస్తకం. వీపు విరిగి, అట్ట ఒకవైపు వేలాడుతోంది. సోమవారం పది కొట్టేసరికి మేజిస్ట్రేటుగారి ముందు ఉండాలన్నాడు గుమాస్తా. అంత అవసరమైన పుస్తకాన్ని ఇన్నాళ్లు గోనెసంచిలా ఎందుకు వాడారని బైండరు అడగలేదు. పందొమ్మిదేళ్లుగా కోర్టు కాగితాలు కుడుతున్నాడు. అడగకూడనివి ఏమిటో తెలుసు.

గుమాస్తా గుమ్మం దాకా వెళ్లి, గొడుగు మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.

"మీ బావమరిది కేసు కూడా సోమవారమే. ఒప్పేసుకున్నాడు కాబట్టి సాక్షుల గోల లేదు. ఆర్నెల్లు."

వాన పడేలా ఉంది అన్నట్టు చెప్పి వెళ్లిపోయాడు.

బావమరిది అంటే చనిపోయిన భార్యకు తమ్ముడు. కుళాయి పనివాడు. నడుముకు ఎప్పుడూ పానా దోపుకుని తిరుగుతాడని ఊరంతా పానా అనే పిలుస్తుంది. రెండు వారాల క్రితం తాగిన మైకంలో ఆస్పత్రి స్నానాల గదుల్లోకి దూరి ఏడు ఇత్తడి కుళాయిలు విప్పి సంచిలో వేసుకున్నాడు. వేసుకున్నవాడు పారిపోవాలి కదా. ఆ సంచే తలకింద పెట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద పడుకున్నాడు. పోలీసు లాఠీతో తట్టి లేపితే, ఇంకాసేపు పడుకోనీ అక్కా అన్నాడట. ఆ మాటకి స్టేషన్లో అందరూ నవ్వారట. విన్నప్పుడు బైండరు నవ్వలేదు. ఆ అక్క పోయిన రోజు నుంచి, అంటే రెండేళ్లుగా, బావకీ బావమరిదికీ మాటల్లేవు.

బైండరు పుస్తకాన్ని విప్పడం మొదలుపెట్టాడు. తడిగుడ్డ వీపు మీద కప్పి, పాత జిగురు నానాక మొద్దుకత్తితో గీకాడు. కుళ్లిన దారాలు తెంపాడు. పదహారేసి పేజీల మడతల్ని, తన పనిలో వాటిని ఫారాలంటారు, ఒక్కొక్కటీ విడదీసి వరసగా పేర్చాడు. దొంగతనాల ఫారం నల్లగా ఉంది. కొట్లాటల ఫారం ఇంకా నల్లగా ఉంది. జరిమానాల దగ్గర ముక్కుపొడుం కూడా రాలి ఉంది. పదిహేడో ఫారం చేతికి రాగానే అతని వేళ్లు ఆగిపోయాయి. అది ప్రెస్సులోంచి నిన్న వచ్చినంత తెల్లగా ఉంది. పైగా అచ్చయిన నాడు మడత కోతకత్తికి అందలేదేమో, రెండు కాగితాలు పై అంచున విడిపోకుండా అతుక్కునే ఉన్నాయి. కోస్తే తప్ప లోపలి రెండు పేజీలు కనబడవు. పుస్తకం కోర్టుకి వచ్చి ఎన్నేళ్లయిందో మొదటి పేజీ మీది ముద్ర చెబుతోంది. ఇరవై రెండేళ్లు.

ఇరవై రెండేళ్లుగా ఆ రెండు పేజీలూ ఎవడూ చదవలేదు.

సంచిలోకి తొంగిచూసినట్టు కింది నుంచి వేలు పెట్టి విప్పి, కన్ను ఆనించి చదివాడు. పెదాలు కదిపితే గాని అతనికి చదువు సాగదు. మొదటి తప్పు చేసినవాణ్ణి, అతని వయసూ నడవడీ ఇల్లూ వాకిలీ చూసి, జైలుకి పంపకుండా, మంచి నడత మీద వదిలిపెట్టవచ్చు. హెచ్చరించి పంపేయవచ్చు. లేదా బాధ్యత గల మనిషి కనిపెట్టి ఉండేట్టు ఏడాదికి తక్కువ కాకుండా ఒకరికి అప్పగించవచ్చు. అంత వరకు అర్థమయింది. మిగతా సగం మడత లోపలే ఉండిపోయింది.

ఆదివారమంతా కుట్టాడు. మైనం రాసిన దారం ఫారం ఫారానికీ లాగి బిగిస్తుంటే గదిలో అదొక్కటే చప్పుడు. అదీ, వెనక గదిలో కుళాయి చుక్కలూ. పదిహేడో ఫారం దగ్గర కత్తి తీసి ఆ మడత మీద పెట్టాడు. కోయకుండా పుస్తకం అప్పగించడమంటే బైండరుకి తలకొట్టేసినట్టే. అయినా కత్తి పక్కన పెట్టేశాడు.

సోమవారం పుస్తకాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని తనే పట్టుకెళ్లాడు. కేసులు మొదలు కాలేదు. మేజిస్ట్రేటు కొత్తగా వచ్చిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకునే అలవాటు. అట్ట తడిమి చూసి, వీపు వంచి చూసి, పేజీలు గలగలా తిప్పి, పదిహేడో ఫారం దగ్గర ఆగి, ఇదేమిటి కోయలేదు అని అడిగాడు.

"నేను కోయవలసింది కాదనిపించింది సార్," అన్నాడు బైండరు. "ఇరవై రెండేళ్లుగా ఈ కోర్టులో ఎవరూ కోయలేదు. అచ్చేసినవాడు అలాగే పంపాడు, మీకు ముందున్నవాళ్లు అలాగే ఉంచారు. మీరు కోస్తారేమోనని."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు, అంటే బైండరుని బయటికి పొమ్మని. మేజిస్ట్రేటు ఉత్తరాలు చింపే కత్తి తీసి, మడతలోకి దూర్చి, నెమ్మదిగా లాగాడు. కాగితం తెగిన చప్పుడు గోడ దాకా వెళ్లింది. కళ్లజోడు దించుకుని ఆ రెండు పేజీలూ చదివాడు. మళ్లీ మొదటికి వచ్చి చదివాడు. బైండరు ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పానా వంతు మూడోది. బోనులో నిలబడితే గడ్డం మాసి, చొక్కా ఒక వైపు దిగజారి, పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. బావని చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంతకు ముందు ఏదైనా కేసుందా అని మేజిస్ట్రేటు అడిగితే లేదన్నారు. ఇలాంటివాళ్లని కనిపెట్టి ఉండటానికి ఈ కోర్టుకి ఒక ఆఫీసరుండాలి కదా అని అడిగాడు. ఉద్యోగం ఉంది, మనిషి లేడు, ఇంతవరకూ ఎవరినీ వేయలేదు అన్నాడు గుమాస్తా. అయితే ఇతన్ని ఎవరికి అప్పగించాలి అని మేజిస్ట్రేటు అడిగాడు. వకీళ్లు పైకప్పు వంక చూశారు, అక్కడ ఏదో సెక్షను రాసి ఉన్నట్టు.

"నాకివ్వండి సార్," అన్నాడు బైండరు తలుపు దగ్గర నుంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. తానే దూర కంత లేదు, మెడకో డోలు అని గుమాస్తా వినబడేట్టే గొణిగాడు. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. ఈ చట్టాలేవీ పుట్టకముందు, ఎక్కడో ఒక దేశంలో చెప్పులు కుట్టేవాడొకడు ఇలాగే కోర్టులో లేచి, ఆ తాగుబోతుని జైలుకి పంపకండి నాకివ్వండి అన్నాడట, ఇదంతా అక్కడ మొదలైందట అన్నాడు. తర్వాత బైండరు వంక చూసి వేలు చూపించి చెప్పాడు. వచ్చే సోమవారం దాకా ఇతను నీ ఇంట్లో ఉంటాడు, నీ పని చేస్తాడు. రోజూ ఏం జరిగిందో ఒక పుస్తకంలో రాయి. సోమవారం నీ పుస్తకం చూసి తేలుస్తాను. హెచ్చరించి వదిలేస్తే చాలా, ఏడాది కనిపెట్టి ఉండాలా అన్నది నీ మాట మీదే ఉంటుంది.

బావమరిది బోను దిగుతూ, "నీ పూచీ ఎవడడిగాడు బావా," అన్నాడు. రెండేళ్లలో అదే మొదటి మాట.

ముందు గదిలో కొట్టు, వెనక గదిలో ఇల్లు. రెండో మంచం మీద రెండేళ్లుగా, అట్టలకి అంటించే కాలికో గుడ్డ చుట్టలు పడి ఉన్నాయి. బైండరు వాటిని దించి గోడకి ఆనించాడు. బావమరిది పక్క పరుచుకుని కూర్చుని, కాసేపు విని, ఆ చుక్కల చప్పుడు ఏమిటన్నాడు. కుళాయి అన్నాడు బైండరు. ఎన్నాళ్లుగా అన్నాడు. రెండేళ్లు. కుళాయి పనివాడి బావ ఇంట్లో రెండేళ్లు కుళాయి కారిందని ఎవరికైనా చెబితే నా పరువేం కాను అని విసుక్కుంటూ లేచి, స్టేషన్లో తిరిగిచ్చిన పానా నడుములోంచి తీసి, పాత చెప్పు ముక్క గుండ్రంగా కోసి లోపల పెట్టి బిగించాడు. చప్పుడు ఆగింది. పడుకున్నాక బావమరిది గురక మొదలైంది. బైండరు కళ్లు తెరుచుకుని చాలాసేపు ఆ గురక విన్నాడు. విసుగేమీ రాలేదు.

పొద్దున లేచి, కోర్టు కాగితాల ముక్కలతో తనే కుట్టుకున్న చిన్న పుస్తకంలో రాశాడు. సోమవారం. వచ్చాడు. తిన్నాడు. కుళాయి బాగుచేశాడు. పడుకున్నాడు. నాలుగు ముక్కలు రాసేసరికి నుదుట చెమట పట్టింది.

మంగళవారం కుట్టు నేర్పాడు. కిటికీ దగ్గర కుట్టు చట్రం ముందున్న ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. బావమరిది చేతులు వణుకుతున్నాయి. తాగుడు మానిన మూడో రోజున లాకప్పులో మొదలైన వణుకు, ఇంకా పూర్తిగా వదల్లేదట. సూదిలోకి దారం ఎక్కించబోతే పక్కకి పోతోంది. తడిపి చూశాడు, కొరికి చూశాడు. అరంగుళం పైపుకి మర కోసే చేతులివి అని తిట్టుకున్నాడు. బైండరు తన సూదికి దారం ఎక్కించి, ముడి వేసి, చట్రం మీదుగా అందించాడు. ఆ రోజంతా అదే పని. ఒకడు దారం ఎక్కించి ఇస్తాడు, ఒకడు కుడతాడు. మధ్యాహ్నానికి మాట లేకుండానే చేయి చాచడం, సూది అందడం జరిగిపోతోంది.

బుధవారం జిగురు కాచారు. మైదా నీళ్లలో కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, సన్నసెగ మీద పెట్టి తిప్పుతూ ఉండాలి. తిప్పేవాడు ఆగితే ఉండలు కడుతుంది. బావమరిది తిప్పుతూ, అక్క కూర్చునేది ఆ పీట మీదేనా అని అడిగాడు. అవునన్నాడు బైండరు.

"పదకొండేళ్లు," అన్నాడు బావమరిది. "అక్క మా ఇంటికి రెండు పూటలు వచ్చి ఉంటానంటే పుస్తకాలున్నాయి అనేవాడివి. అక్కని కూడా జిగురేసి అట్టకి అంటించేశావు బావా. చెడ్డవాడివని కాదు. ఇంట్లో మనిషి అలికిడి లేకపోతే నీకు ఊపిరాడదు, అంతే."

బైండరు గిన్నె దించాడు. కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాడు. రాలేదు. జిగురు ఎలా కుదిరిందో చూడమన్నాడు. బావమరిది వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, ఉప్పు తక్కువైంది అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఒరే అందులో మైలుతుత్తం ఉంది ఉమ్మెయ్యరా అని బైండరు కంగారుగా చెంబు తెస్తే, బావమరిది పుక్కిలించి ఉమ్ముతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఆ గదిలో రెండేళ్ల తర్వాత రెండు గొంతులు ఒకేసారి వినిపించడం బైండరుకి కొత్తగా ఉంది. రాత్రి పుస్తకంలో, జిగురు కాచాడు అని రాశాడు. నవ్వాడు అని రాయాలో వద్దో తెలియలేదు.

గురువారం అట్టలు కోస్తుండగా బావమరిది అసలు సంగతి చెప్పాడు. పొద్దున టీ తాగడానికి వెళ్లినప్పుడు పాత మేస్త్రీ కనబడ్డాడు. ఒక రోజు ప్రయాణం దూరంలో నాలుగంతస్తుల పెద్ద భవనం కడుతున్నారు, వచ్చే మంగళవారం నుంచి పని, ఉండటానికి గది కూడా ఇస్తారు, తాగనంటే రమ్మన్నాడు.

"నాలుగు వందల కుళాయిలు బావా. ఈసారి పీకడం కాదు, బిగించడం." బావమరిది అట్ట మీద పెన్సిలుతో గీత గీస్తూ తల ఎత్తలేదు. "సోమవారం నువ్వొక్క మాట చెబితే చాలు. ఇక్కడే ఉంటే సాయంత్రమయ్యేసరికి పాత కాళ్లు పాత దారినే పోతాయి. అక్కడ నాకెవరూ తెలియదు. ఎవడూ రమ్మనడు."

మంచిదే అన్నాడు బైండరు. నిజంగానే మంచిదనిపించింది. వెళ్తావా మరి అన్నాడు. వెళ్తాను, నెలకోసారి వస్తాను అన్నాడు బావమరిది. బైండరు కోత కత్తి కిందికి అట్ట తోసి పిడి లాగాడు. తీసి చూస్తే అట్ట వేలెడు పొట్టిగా తెగింది. పందొమ్మిదేళ్లలో అలా తెగడం అతనికి గుర్తులేదు. ఆ ముక్కని మూలకి విసిరేసి ఇంకో అట్ట తీసుకున్నాడు.

శుక్రవారం నాలుగు గంటలకి దారం ఉండలు తెమ్మని బావమరిదిని బజారుకి పంపాడు. నడిచి వెళ్లి రావడానికి గంట చాలు. ఐదయింది. బైండరు గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఐదున్నరకి వీధి చివర దాకా నడిచి వెనక్కి వచ్చాడు. పారిపోయాడేమో, పట్టుబడతాడేమో అన్న భయం కాదు అది. ఆ గదిలోకి తిరిగి వెళ్లి ఒక్కడే దీపం పెట్టుకోవడం ఎలాగో తోచలేదు. అది అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆరు దాటాక బావమరిది వచ్చాడు. దారం ఉండలు బల్ల మీద పెట్టి, అడగకుండానే చెప్పాడు. దారి మధ్యలో సారాకొట్టు. వాసన తగిలింది. కాళ్లు ఆగిపోయాయి. ఎదురు గోడకి ఆనుకుని గంటసేపు నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరో పానా అని పిలిచారు కూడా.

"వెళ్లలేదు బావా. గోడ పట్టుకుని నిలబడ్డాను. గుటక మింగుతూ నిలబడ్డాను. కానీ వెళ్లలేదు." చేతులు చాచి చూపించాడు. వణకడం లేదు. "ఈ మాట అక్క ఉంటే అక్కకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నీకు చెబుతున్నాను."

బైండరు అతని భుజం మీద చేయి వేశాడు. అన్నం పెట్టాడు. బావమరిది తిని, అలసిపోయినవాడిలా తొందరగా పడుకున్నాడు. బైండరు దీపం దగ్గర కూర్చుని పుస్తకం తీశాడు. శుక్రవారం. సారాకొట్టు ముందు గంటసేపు నిలబడ్డాడు. అక్కడికి గీత చివరికి వచ్చింది. కిందిగీతలో, లోపలికి వెళ్లలేదు అని రాయాలి. రెండు మాటలు. కలం సిరాలో ముంచాడు. ముంచి, విదిలించి, కాగితం మీద ఆనించబోయి ఆగాడు. పక్క మంచం మీద గురక నెమ్మదిగా, నిలకడగా వస్తోంది. పొద్దున రాద్దాంలే అనుకున్నాడు. కలం తుడిచి పెట్టేశాడు.

శనివారం పొద్దున రాయలేదు. ఆదివారం బావమరిది తన బట్టలు ఉతికి ఆరేసుకున్నాడు, మడతపెట్టి సంచిలో సర్దుకున్నాడు, పానాకి నూనె రాసి గుడ్డతో మెరిసేదాకా తుడిచాడు. ఆ మెరుపు చూసుకుంటూ, కుట్టు పని కూడా ఒకటి వచ్చింది కదా, నాలుగు వందల కుళాయిలూ అయిపోయాక నీ దగ్గర చేరిపోతాలే అని వేళాకోళమాడాడు. బైండరు పుస్తకం తీసి, శుక్రవారం పేజీ తిప్పి, చూసి, మూసేశాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఉన్నదంతా నిజం. అక్కడ ఆ ఊళ్లో ఎవరూ తెలియదంటున్నాడు, తెలియని చోట తాగి పడిపోతే లేపేదెవరు అని తనకి తాను చెప్పుకున్నాడు. ఏడాదంటే ఎంత, కళ్లు మూసి తెరిస్తే ఏడాది అనుకున్నాడు. ఆ మాటలు ఎంత చక్కగా అమరాయంటే, అంత చక్కగా అమరాయనే అతనికి అనుమానం వేసింది.

సోమవారం కోర్టులో జనం ఎక్కువే ఉన్నారు. బైండరు ఇంటి ఖైదీ సంగతి ఊళ్లో పాకింది. బావమరిది గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. సంచి కూడా తెచ్చుకుని బోను పక్కన నేల మీద పెట్టుకున్నాడు. కోర్టు నుంచి నేరుగా బండి ఎక్కాలని. మేజిస్ట్రేటు అతన్ని కింది నుంచి మీదికి చూసి, తల ఊపి, పుస్తకం తెప్పించుకున్నాడు.

పేజీలు తిప్పుతుంటే మొహం తేటగానే ఉంది. కుళాయి దగ్గర చిరునవ్వు కూడా వచ్చింది. శుక్రవారం దగ్గర కళ్లజోడు దించుకున్నాడు.

"సారాకొట్టు ముందు గంటసేపు నిలబడ్డాడు," అని పైకి చదివాడు. బోను వైపు చూసి, నిజమేనా అన్నాడు.

"నిజమే సార్," అన్నాడు బావమరిది. అని, బావ వైపు తిరిగాడు. మిగతాది బావ చెబుతాడని. మొహంలో కంగారు లేదు. సూది కోసం చేయి చాచినవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు.

మేజిస్ట్రేటు కూడా బైండరు వైపు తిరిగాడు. ఇంకేమైనా చెప్పేదుందా అన్నాడు.

బైండరు నోరు తెరిచాడు. రెండు మాటలు నాలిక మీదే ఉన్నాయి. వాటి వెనకాల వెనక గది కనబడింది, రెండో మంచం మీద మళ్లీ కాలికో చుట్టలు పేర్చుకుంటున్న తన చేతులు కనబడ్డాయి. పైన పంకా తిరుగుతోంది. గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"అంతే సార్," అన్నాడు.

బావమరిది చూపు కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగి, సంచి మీద ఆగింది. తను లోపలికి వెళ్లలేదని అతను చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు.

మేజిస్ట్రేటు దయగానే మాట్లాడాడు. మనసు మంచిదే, కాళ్లింకా నిలవలేదన్నాడు. జైలు లేదు, ఏడాది పాటు బైండరు కనిపెట్టి ఉండాలి, రోజూ తొమ్మిది నుంచి ఆరింటి దాకా ఇతని దగ్గర పని, ఊరు దాటి పోరాదు అన్నాడు. ఏమైనా అడగాలా అన్నాడు.

"ఒకటే సార్," అన్నాడు బావమరిది. "పడుకోవడానికి నా గదికి నేను పోవచ్చా?"

మేజిస్ట్రేటు చట్టం తిప్పి చూసి, పోవచ్చు, అడ్రసు రాసివ్వు అన్నాడు. గుమాస్తా ఇచ్చిన కాగితం మీద బావమరిది నిలబడ్డ చోటే అడ్రసు రాసిచ్చాడు. బయట మెట్ల దగ్గర బైండరు, మేస్త్రీకి నేను చెబుతాలే, వచ్చే ఏడు మాత్రం పనుండదా ఏమిటి అన్నాడు. బావమరిది సంచి భుజాన వేసుకుని ఎడమ వైపు వీధిలోకి తిరిగి వెళ్లిపోయాడు. బైండరు ఇల్లు కుడి వైపు.

మర్నాడు సరిగ్గా తొమ్మిదికి వచ్చాడు. ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తన సూదికి తనే దారం ఎక్కించుకున్నాడు. చేయి వణకలేదు. బైండరు అలవాటు కొద్దీ దారం ఎక్కించిన సూదిని చట్రం మీదుగా చాచి, కాసేపు పట్టుకుని, వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిందాం రమ్మంటే, తెచ్చుకున్నాను అని గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని తిన్నాడు. ఆరు కొట్టగానే లేచి వెళ్లాడు. బుధవారమూ అంతే. బైండరు రెండు మూడు సార్లు వేళాకోళం ఎత్తుకున్నాడు, జిగురులో ఉప్పు సరిపోయిందా అని. సరిపోయింది అన్నాడు బావమరిది, గిన్నె వైపు చూడకుండా.

నెల తిరిగాక ఒక గురువారం గుమాస్తా పెద్ద కట్ట పట్టుకొచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది. బైండరు రాసిన పుస్తకం మేజిస్ట్రేటుగారికి ఎంత నచ్చిందంటే పై ఆఫీసుకి పంపారు, వాళ్లు మెచ్చుకుని దాన్నే నమూనాగా పెట్టి, నింపడానికి గళ్ల ఫారాలు అచ్చేయించారు, ఇక నుంచి ఇలా వదిలిపెట్టిన ప్రతివాడికీ ఒక రిజిస్టరు, కొత్త ఆఫీసరు కూడా వస్తున్నాడు అని చెప్పాడు. తెగువ చేసి నోరు విప్పావు, చూడు ఎంత దూరం పోయిందో అని బైండరు వీపు తట్టాడు. వారానికో పేజీ, యాభై రెండు పేజీలు, మొదటి రిజిస్టరు సాయంత్రానికి కుట్టి ఇమ్మన్నాడు.

గుమాస్తా వెళ్లాక బైండరు ఒక ఫారం తీసి చదివాడు. గళ్లు గీసి ఉన్నాయి. హాజరు. పని. నడవడి. నాలుగో గడి మీద, సారా దుకాణం ముందు నిలబడినాడా, ఎంతసేపు, అని ఉంది. గడి చిన్నది. గంట అనో, అరగంట అనో పడుతుంది. ఇంకో మాట పట్టదు.

కట్టని ఎక్కడ దాచాలో తెలియక చేతుల్లో అటూ ఇటూ తిప్పుతుంటే, బావమరిది లేచి వచ్చి తీసుకున్నాడు. పీట మీద కూర్చుని ఒక ఫారం చదివాడు, పెదాలు కదపకుండా. తర్వాత ఫారాలు బల్ల మీద తట్టి అంచులు సరిచేసి, మడిచి, వెదురుబద్దతో మడత నొక్కి, చట్రానికి ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాడు. నెల రోజుల్లోనే అతనికి పని పట్టుబడింది. కుట్టు కుట్టుకీ మధ్య దూరం కొలిచినట్టుంది. దారం లాగినప్పుడు వదులూ లేదు, కాగితం చిరగనూ లేదు. అంత మంచి కుట్టు ఆ గదిలో రెండేళ్లుగా ఎవరూ కుట్టలేదు. బైండరు అట్ట సిద్ధం చేశాడు. జిగురు రాశాడు. ఇద్దరూ కలిసి నొక్కుడు మరలో పెట్టి బిగించారు. పిడి తిప్పుతున్నప్పుడు బావమరిది మోచేయి తగలకుండా పక్కకి జరిగాడు.

ఆరింటికి రిజిస్టరు మరలోంచి తీసి, అట్ట మీది దుమ్ము గుడ్డతో తుడిచి, బావమరిది దాన్ని బైండరు ముందు పెట్టాడు. మొదటి పేజీ తెరిచాడు.

"ఈ వారానిది ఎక్కడ సంతకం పెట్టాలి సార్?"

బైండరు వేలితో చూపించాడు. బావమరిది వంగి సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదాడు. గోడ మీది గడియారం చూసి, వెళ్లొచ్చా అని అడిగాడు. గదిలో వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు.

"ఒరే, నేను నీ బావనురా," అన్నాడు బైండరు.

"రేపు తొమ్మిదికి వస్తాను సార్," అన్నాడు అతను. "ఆలస్యమైతే రాసుకోండి."

చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. బైండరు కలం తీసి సిరాలో ముంచి, నాలుగో గడి దగ్గర చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ రాయడానికేమీ లేదు. చివరికి పక్క గడిలో, నడవడి కింద, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు. మంచిది.